తడవని బరకం

నేనొక బరకాన్ని. పట్నం వాళ్లు టార్పాలిన్ అంటారు. ఎక్కడో కార్ఖానాలో నీలం రంగులో పుట్టి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు చేరాను. అక్కడి చర్చివాళ్లు నన్ను కొని, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, నా మూల మీద తెల్లరంగుతో 'దేవుని సొత్తు' అని రాయించారు. ఇంత మర్యాద ఏ బరకానికి దక్కుతుంది? దాచడమెందుకు, మురిసిపోయాను.

నా బాధ్యత సంఘపెద్ద జెకర్యాది. మంచి మనిషి, మొండి మనిషి. కూలి పనైనా సొంత చేనైనా ఒకేలా నడుం వంచేవాడు. "పొలమే నాకు భక్తి నేర్పింది. పొద్దున్నే లేవాల, వంగాల, వంకలు చెప్పకూడదు" అని సాక్ష్యం చెబితే జనం తలలూపేవారు. ఆ పల్లెలో ఇంకో పద్ధతి కూడా ఉంది. మబ్బు కమ్మితే కుప్ప ఎవరిదని అడగరు. మాటల్లేని ఇళ్లవాళ్లు కూడా పట్టాలు, చాపలు తీసుకుని పరుగెత్తుతారు. ఇది మాత్రం జెకర్యా సాక్ష్యంలో నేనెప్పుడూ వినలేదు. అలవాటైపోయిన మంచితనం మనుషుల కంటికి ఆనదు కాబోలు.

ఆ ఏడు కోతల చివర తుపాను కబురొచ్చింది. కోత పండుగ పందిరి మీద వేయడానికి నన్ను మడతపెట్టి చర్చిలో ఉంచారు. మధ్యాహ్నం రాహేలు జెకర్యాను వెతుక్కుంటూ అక్కడికి పరుగున వచ్చింది. భర్త పోయిన మనిషి. అరెకరం కౌలు చేసింది. ఆ వడ్లే ఏడాదంతా ఆమెకూ, మంచాన పడ్డ అత్తకూ తిండి.

"పెదనాన్నా, కుప్పేశాను గానీ పైన కప్పడానికేం లేదు. ఊళ్లో పట్టాలన్నీ అప్పుడే కుప్పల మీదికెక్కేశాయి. ఈ బరకం ఇప్పించు. వాన తగ్గంగానే కడిగి తెచ్చిస్తా."

"అది దేవుడికిచ్చేసిందమ్మా. పొలం పనికి వాడకూడదు. పెద్దనయ్యుండి నేనే తప్పితే ఎట్టా? పద, నేనొస్తా."

వెళ్లాడు. గాలివానలో గడ్డి మోసి కప్పాడు. గడ్డి ఎగిరిపోతే చొక్కా విప్పి కప్పాడట. ఒళ్లు దాచుకోలేదు ఆయన. నన్ను మాత్రం దాచాడు. మూడు రోజులు కురిసింది. ఒక్క చుక్క పడకుండా చర్చి నేల మీద పడుకుని, నా బతుకులో మొదటిసారి సిగ్గుపడ్డాను.

వారం తర్వాత పండుగ. పందిరి కింద, అందరూ తెచ్చిన వరికంకుల పనల పక్కన రాహేలు తన పన పెట్టింది. నల్లబడి, మక్కిన వాసన కొడుతోంది. కంకి కంకికీ తెల్లటి మొలకలు.

"మొదటి పన దేవుడికే గదా, పెదనాన్నా. నా కుప్పంతా ఇట్టాగే ఉంది."

జెకర్యా ఆ పన ముందు మోకరించాడు.

ఆ సాయంత్రమే ఆయన నా మూల రాతను కిరసనాయిలుతో రుద్ది చెరిపేశాడు. నన్ను చర్చి వసారాలో పడేసి, ఎవరికి కావాలన్నా అడగకుండా పట్టుకెళ్లమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. తన గింజల్లో సగం రాహేలు ఇంటికి మోశాడు. అవి ఆయన ఇంటికే చాలని గింజలు. రెండిళ్లూ ఒంటిపూట తిన్నాయి. మంచాన ఉన్న అత్త ఎండలు ముదరకముందే పోయింది.

ముసలితనం అన్నారు ఊళ్లోవాళ్లు. ఆకలి అని జెకర్యా ఒక్కడే అన్నాడు, సమాధి దగ్గర, అందరికీ వినపడేలా.