చాంద్ని మేత ముట్టలేదు

చాంద్నిని లారీ నుంచి దించినప్పుడు వాడకట్టు పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. తెల్లటి ఆడగుర్రం. మహారాష్ట్రలోని ఒక సంత నుంచి మండుటెండలో గోదావరిఖని దాకా వచ్చింది. దారిలో పడిపోకుండా దాని తలను లారీ కమ్మీకి పొట్టి తాడుతో కట్టేశారు. కిందికి దిగాక కూడా అది మెడ అలాగే బిగబట్టి నిలబడింది. ముందర వేసిన గడ్డిని వాసన చూసి మొహం తిప్పుకుంది.

"అలిసిపోయింది. రేపు తింటది," అన్నాడు ఎల్లేశం.

చాలా ఏళ్ల కిందట గనిలో బండ జారి ఎల్లేశం కాలు నలిగింది. తోటి కార్మికుడు జగదీశ్వర్ అతన్ని భుజాన వేసుకుని పైకి మోసుకొచ్చాడు. కాలు కుంటిదై పని పోయాక ఎల్లేశం పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపిస్తూ బతికాడు. ఆ పాత గుర్రం ముసలిదై చనిపోయింది. అంతలోనే జగదీశ్వర్ కొడుకు రుత్విక్‌కు పెళ్లి కుదిరింది. "పిలగాన్ని తెల్లగుర్రం మీద నేనే తీస్కపోత అన్నా," అని ఎల్లేశం మాటిచ్చి, చాంద్నిని కొన్నాడు. ప్రాణం నిలబెట్టిన మనిషికి తాను చేయగలిగింది అదొక్కటే అనుకున్నాడు.

మర్నాడు కూడా చాంద్ని మేత ముట్టలేదు. ఎల్లేశం భార్య జమున చిన్నప్పటి నుంచి పశువుల మధ్య పెరిగింది. కొట్టం ఊడుస్తూ ఆగిపోయింది.

"లద్దె సూడు, జరంతనే ఏసింది. అది గూడ ఎండిపోయి ఉన్నది. జల్ది డాక్టరమ్మను పిలువు."

పెద్దపల్లి నుంచి పశువుల డాక్టరు సుజిత వచ్చింది. చిగుళ్లు నొక్కి చూసింది, జ్వరం చూసింది, కడుపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత దాన్ని జమున చెవులకు తగిలించింది.

"గుడగుడ ఇనవడుతుందా?"

"ఎక్కడనో దూరంగ ఇనవడ్తుంది."

"అది ఇంకా గట్టిగ ఇనవడాలె. గుర్రం కడుపు ఖాళీగ ఉంటే పుండ్లు పడ్తయమ్మా. లారీల భయం, నీళ్లు లేని దూప, కొత్త జాగా, అన్ని కలిసి దీని ఆకలి సచ్చిపోయింది. గడ్డి తడిపి నేల మీద పెట్టు. కొంచెం కొంచెం, మాటిమాటికి. నీళ్లు గోరువెచ్చగ పెట్టు. తోడుకు పక్కన ఏదన్న జీవాన్ని కట్టెయ్యి. దాణా జోలికి పోవద్దు. మంచిగ తిని, లద్దె మామూలుగ ఏసేదాంక పనికి తోలొద్దు."

"ఆదివారం పెండ్లి ఉన్నది డాక్టరమ్మా," అన్నాడు ఎల్లేశం.

"ఈ ఆదివారం కాదన్నా," అని ఆమె మందులిచ్చి వెళ్లింది.

జమున తన మేకను తెచ్చి చాంద్ని పక్కన కట్టింది. కాలువ గట్టున గరిక కోసి, తడిపి, గుప్పెడు గుప్పెడుగా నేల మీద పరిచింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కొట్టం రేకులు గలగలమనేవి. గుర్రం గోడకు గుద్దుకునేది. జమున దాని మెడ మీద చెయ్యి వేసి, వణుకు తగ్గేదాకా అక్కడే నిలబడేది.

శుక్రవారం సాయంత్రం మేక నములుతుంటే చూసి చూసి, చాంద్ని మెడ వంచింది. ఒక్క పోచ అందుకుంది. తర్వాత మరొకటి. జమున ఊపిరి తీయడానికి కూడా భయపడింది.

ఆ మాట చెప్పగానే ఎల్లేశం ముఖం వెలిగింది. "ఇగ ఫికర్ లేదు."

"నాలుగు బుక్కలు తిన్నది, గంతే. కడుపు ఇంకా సరిగ మొదలుకాలె. జగదీశ్వరన్నకు ఫోన్ జెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏమని చెప్పాలె? నన్ను మోసుకొచ్చేటప్పుడు ఆయన నాతోని కాదు అన్నడా?"

"నువ్వు చెప్పకుంటె నేను పోయి చెప్త."

ఆమె నిజంగానే బయల్దేరింది. సందు చివరిదాకా వెళ్లి, భర్త ఇచ్చిన మాటను తాను తీసేసినట్టవుతుందని వెనక్కి వచ్చింది.

ఆదివారం పొద్దున చాంద్నికి జరీ గుడ్డ కప్పారు. గని కంపెనీ క్వార్టర్ల నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపు. డీజే మోత, బాణసంచా, కాళ్ల కింద కరుగుతున్న తారు. ఎల్లేశం కళ్లెం పట్టుకుని కుంటుతూ నడిచాడు.

"కాకా, గుర్రం వణుకుతుంది. దిగనా?" అని రుత్విక్ వంగి అడిగాడు.

"ఏం గాదు బిడ్డా, కూసో."

హాలు ముందు జగదీశ్వర్ అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇద్దరి కళ్లూ చెమర్చాయి.

ఇంటికి చేరగానే చాంద్ని మెడ తిప్పి తన డొక్కలను చూసుకుంది. గిట్టలతో నేల గీరింది. ఒళ్లంతా చెమటతో కూలబడి దొర్లసాగింది. జమున దాని కడుపుకు చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు.

సుజిత వచ్చి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసింది, ఇంజెక్షన్లు ఇచ్చింది. లేపి నడిపించబోతే చాంద్ని మోకాళ్ల మీద పడింది.

"పేగు మెలివడ్డది. ఆపరేషన్ జెయ్యాలంటె పట్నం తీస్కపోవాలె. మళ్ల లారీ ఎక్కితే దార్లనే పోతది," అన్నది సుజిత. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నొప్పి లేకుంట పంపుదామా?"

జమున తలూపింది. పొద్దు గూకక ముందే అంతా అయిపోయింది. జేసీబీని పిలిపించి, కమాన్‌పూర్ తోవలోని బీడులో పూడ్చారు.

మర్నాడు సంగతి తెలిసి జగదీశ్వర్ వచ్చాడు. కాళ్లకు పెళ్లి పసుపు ఇంకా పోలేదు. ఎల్లేశం కొట్టం గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. జమున తానే జరిగిందంతా చెప్పింది, డాక్టరమ్మ వద్దన్న మాటతో సహా.

"ఒక్క మాట చెప్పకపోతివి ఎల్లేశం," అన్నాడు జగదీశ్వర్. "మావోడు ఊరేగింపుకు కారే అడిగిండు. నువ్వు మస్తు ముచ్చటపడ్డవని నేనే గుర్రం అన్న."

ఎల్లేశం తల ఎత్తలేదు. జగదీశ్వర్ అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు.