ఆయనకు పడని మాత్ర

జొన్నరొట్టె తట్టడానికి ఎత్తిన చెయ్యి సగంలోనే ఆగిపోయింది. భుజాల నుంచి తొడల దాకా కండలన్నీ మెలిపెట్టి పిండుతున్నట్టు నొప్పి.

"ఒళ్లు వంగక!" అంది మా అత్త నీలవ్వ పీట మీద నుంచే. "నేను రొట్టె తడితే హుబ్బళ్లి ఊరు సగానికి వినబడేది."

ఇదే నొప్పి కిందటేడు మా ఆయన ఈరణ్ణకు వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్ర పడలేదు. ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడింది. నేను కాళ్లు పట్టాను, అత్త కాపడం పెట్టింది, డాక్టరు వెంటనే వేరే రకం మాత్ర రాశాడు. పాత మాత్రల అట్టలు మిగిలిపోయాయి. నా రక్తంలోనూ కొవ్వుందని తేలగానే ఆయన వాటిని నా ముందు పడేశాడు. "కొత్తవెందుకు? ఇవి వాడెయ్." ఆయన తినగా మిగిలిన కూర నాది, చదవగా మిగిలిన పేపరు నాది. మందు మాత్రం ఎందుకు కాకూడదని నేనూ అనుకున్నాను. అవి అయిపోతే మళ్లీ అవే తెచ్చాడు. నొప్పి అంటే, "నీకేం, నీడపట్టున ఉంటావ్. నేను కొట్లో నిలబడాలి" అనేవాడు.

ఈ నొప్పి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి. నాకు మింగుడుపడనిది అదే.

పొయ్యి ఆర్పి, మాత్రల అట్ట పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఇవెవరు రాశారమ్మా నీకు?"

"మా ఆయన."

"డాక్టరా?"

"గుడ్డల కొట్టు."

ఆమె నవ్వలేదు. "ఇక ఆపెయ్. ఇవి పడనివాళ్లకు వేరే మందులున్నాయి. రక్తపరీక్ష చూసి రాస్తాను."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. ఈరణ్ణ అట్ట చేతిలోకి తీసుకుని చూశాడు. "సరే, పారెయ్యకు. అమ్మకూ కొలెస్ట్రాల్ ఉందన్నారుగా. అమ్మకిద్దాం."

అత్త కొడుక్కి కాపడం పెట్టిన చేతులతో తన మోకాళ్లు పట్టుకుంది.

అట్ట ఆయన చేతిలోంచి లాక్కున్నాను. మాత్రలు ఒక్కొక్కటే నొక్కి చెత్తబుట్టలో పడేశాను.

"పిచ్చా నీకు? కొన్నవి!" అంటూ లేచాడు.

"నువ్వు కూర్చోరా" అంది అత్త.

నా మీద ప్రేమతో కాదు, తన కాళ్ల మీద భయంతో. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"పప్పు డబ్బా వెనక ఇంకో అట్ట దాచాడు. అదీ తియ్యవే."