ఆరు వంగ చెట్లు

రేపు పొద్దున్నే జేసీబీ వస్తుందని పంచాయతీ మనిషి చెప్పి వెళ్ళినప్పటి నుంచి సోనికి కాలు నిలవలేదు. రోడ్డు వెడల్పు చేస్తారట. మణుగూరు దగ్గరి ఆ తండాలో వాళ్ళింటి ముందున్న ఆరు వంగ చెట్లూ సరిగ్గా ఆ దారిలోనే ఉన్నాయి. నడుమెత్తు పెరిగి, పూతా పిందెలతో ఉన్నాయి. ఆ చారల వంగ తల్లి బాలి చర్ల దగ్గరి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఇప్పుడు అక్కడ కూడా ఎవరూ వేయడం లేదు. ఉన్న విత్తనమంతా ఈ ఏడే నారు పోసేశారు. ఇవి పోతే ఇక అంతే.

ఎండ తగ్గగానే తల్లీకూతుళ్ళు గడ్డపార పట్టారు. మొదలు చుట్టూ జానెడు దూరంలో తవ్వి, మట్టిగడ్డతో సహా పాత చీరలో ఎత్తి, పెరట్లో తీసిన గుంతల్లో దింపారు. దింపగానే బాలి పిందెలు తుంచడం మొదలుపెట్టింది.

"యాడీ! ఆగు! విత్తనానికి అవే గదా!" తల్లి చెయ్యి పట్టుకుంది సోని.

"లేత పిందెల విత్తనం ఉంటదా? ఏర్లు తెగినయ్ బిడ్డా, గివన్ని ఎట్ల మోస్తది? బతికితే మళ్ల కాస్తది."

"బతకకపోతే?"

బాలి పూలు, పిందెలు, సగం ఆకులు తీసేసి, ఎండ తగలకుండా చుట్టూ కానుగ కొమ్మలు గుచ్చింది.

తెల్లారేసరికి చెట్లు తలలు వేలాడేశాయి. బాలి బొగ్గుగని కాలనీ క్యాంటీన్‌లో వంటకు వెళ్ళిపోయింది. సోని చూసింది, తిరిగింది, మళ్ళీ చూసింది. బిందెడు నీళ్ళు పోసింది. మధ్యాహ్నం ఇంకో బిందె. సాయంత్రం ఇంకోటి. తీజ్ పండక్కి గోధుమ మొలకల బుట్టలకు పూటపూటా నీళ్ళు పోసిన చెయ్యి అది. ఈ ఏడు తండా ఆడపిల్లలందరిలో సోని బుట్టే ఎత్తుగా పెరిగింది. మొక్క వాడితే ఇంకేం చేయాలో ఆ చేతికి తెలీదు.

నాలుగో రోజుకి ఆకులు పసుపెక్కాయి. బాలి చెట్టు మొదలు దగ్గర మట్టిలో వేలు గుచ్చి వాసన చూసింది.

"రోజుకెన్నిసార్లు పోస్తున్నవే?"

"మూడు."

"తీజ్ బుట్టలనుకున్నవా ఏంది, తొమ్మిదొద్దులు పెంచి చెరువుల కలపనికి? ఏర్లు కుళ్ళుతున్నయ్! బిందె ఇంట్ల పెట్టు."

"మరి నేనేం చెయ్యాలె? ఊకె కూసోవాల్నా?"

"అవ్. కూసో."

తవ్వడం కన్నా కూర్చోవడమే కష్టమైంది. సోని ఫోన్ తీసింది, పక్కన పడేసింది, పెరటి తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రెండు రోజుల్లో మూడు చెట్లు ఎండిపోయాయి. వారం తిరిగేసరికి ఇంకో రెండు. మిగిలినదానికి ఒక్క ఆకూ లేదు. గోటితో బెరడు గీకితే మాత్రం లోపల పచ్చగా ఉంది.

పదకొండో రోజు పొద్దున కణుపు దగ్గర నువ్వుగింజంత చిగురు. సోని క్యాంటీన్‌కి ఫోన్ చేసింది.

"యాడీ! వచ్చింది! చిగురొచ్చింది!"

"ఎన్నిటికి?" అవతల గిన్నెల మోతలో బాలి గొంతు.

"ఒక్కదానికే."

"చాలు. ఒక్క కాయ పండితే గుప్పెడు విత్తనమైతది. ముట్టుకోకు దాన్ని."

"ముట్టుకోలే... ఒక్కసారే. పండనీకి ఎన్ని రోజులైతది?"

"మూడు నెల్లన్న పడ్తది."

"మూడు నెల్లా!" అప్పుడే మొక్క పక్కన చతికిలబడిన సోని మళ్ళీ లేచి నిలబడింది.