మంత్రిగారి సజ్దా

మతం పేరు చెప్పి గద్దెనెక్కిన మంత్రి శుక్రవారం నమాజుకు వేంచేశాడు. వెంట కెమెరాలు, కాపలావాళ్లు, మోకాళ్ల కిందికి పట్టుదిండు, ఒక్క దైవభయం తప్ప అన్నీ తెచ్చుకున్నాడు.

వస్తూనే ఇమాంగారి భుజం మీద చెయ్యేశాడు. "ప్రభుత్వానికి లోబడటమంటే దేవుడికి లోబడటమేనని ఇవాళ ప్రసంగంలో చెప్పు. మసీదు గదిలోనే కాపురమట కదా! పిల్లలు గలవాడివి, ఆలోచించుకో."

ఇమాంగారికి ఒళ్లు మండింది. అయినా పిల్లలు కళ్ల ముందు మెదిలారు. ప్రసంగంలో ఆ మాట చెప్పేసి, "లోబడటం ఎలాగో మంత్రిగారిని చూసి నేర్చుకుందాం," అని ఓ ముక్క కలిపాడు.

నమాజు మొదలైంది. సజ్దాలో నుదురు నేలకు ఆనించాక, ఇమాం లేచేదాకా వెనకున్న వాళ్లెవరూ తల ఎత్తకూడదు. ఇమాంగారు లేవలేదు. గుమ్మంలో చెప్పుల మధ్య పడుకున్న పిల్లి ఈని, పిల్లలకు నడక కూడా నేర్పిందట, అప్పటికీ లేవలేదు. వెనక మంత్రిగారి బొజ్జ మూలిగింది. కెమెరాలవాళ్లు వెళ్లిపోయారేమోనని ఆయన తల ఎత్తి దిక్కులు చూశాడు. దేశమంతా టీవీలో చూస్తోంది: వరసల నిండా వంగిన వీపులు, మధ్యలో ఒక్క తల.

"నిద్రపోయావేమయ్యా?" అని తర్వాత మంత్రి మండిపడ్డాడు.

"లేదండీ, లోబడి ఉన్నాను. తమరే ముందు లేచారు."

సాయంత్రానికల్లా ఇమాంగారి సామాను బండెక్కింది.

"ఆయన చెప్పమన్న మాటేదో చెప్పేస్తే పోయేదిగా?" అంది భార్య, చంకలో పిల్లను సర్దుకుంటూ.

"చెప్పానే. చెయ్యడం ఆయనకే చేతకాలేదు."