తలకిందులైన ‘ల’

వసంత పంచమి పొద్దున్నే ఆ ఇంట్లో ఒక్క అక్షరం గురించి గొడవ మొదలైంది.

“కాసిని నీల్లు ఇవ్వు,” అన్నాడాయన.

“నీళ్ళు అనండి, ఇస్తాను,” అంది ఆవిడ, గ్లాసు వెనక్కి దాచి.

“దాహానికి ఏ ల అయితే ఏంటి?”

ఆయన బోర్డులు రాసే పెయింటరు. రాత ముత్యాలే. నాలుకే ‘ళ’ దగ్గర మడత పడదు. నాలుక పలికిందే బ్రష్షూ రాస్తుంది. కిందటేడు కళ్ళ డాక్టరు గోడ మీద ‘ఇచ్చట కల్లు ఉచితంగా పరీక్షించబడును’ అని రాస్తే, సాయంత్రానికి సీసాలతో జనం వరస కట్టారు. అందుకే సరస్వతీ పూజకు బ్యానరు రాయమన్నప్పుడు బడి పెద్ద టీచరు ముందే చెప్పింది: ఒక్క అక్షరం తప్పినా ఈ ఏడాది బడి గోడల పని ఇంకొకరికి.

“కళలో ళ మరిచిపోకండి,” అని భార్య నిన్నంతా పోరింది. ఇవాళ పూజయ్యాక బ్యానరు విప్పి నెత్తి కొట్టుకుంది. ‘కలళ పండుగకు స్వాగతం’.

“పెట్టానుగా!”

“పెట్టారు. పక్కింట్లో పెట్టారు.”

దిద్దుదామంటే బ్రష్షులన్నీ అమ్మవారి ముందున్నాయి. రేపటిదాకా ముట్టకూడదు. పక్కనే అత్తగారి కాపలా.

“సూది పూజలో పెట్టలేదు కదా, అత్తయ్యా?”

“సూది సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా,” అంది అత్తగారు, అటు తిరిగి.

కోడలు రెండక్షరాలూ కత్తిరించి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టి, కుట్టు కనపడకుండా కుట్టింది. తీరా బడి గేటుకు కట్టాక చూస్తే ‘ళ’ నిక్షేపంలా ఉంది. ‘ల’ తలకిందులుగా ఉంది! అందరి తప్పులూ ఎన్నే మనిషి నాలుక కరుచుకుంది.

పెద్ద టీచరు కళ్ళజోడు సవరించుకుంది. “ఆ ల ఏమిటి?”

“శీర్షాసనం వేసిందండీ. అదీ ఓ విద్యే కదా,” అన్నాడాయన.

“నేను కుట్టిందేనండీ,” అంది ఆవిడ మెల్లిగా.

టీచరు పకపకా నవ్వింది. “తెలిసిన తల ఈవిడది, తిరిగిన చెయ్యి మీది. ఇద్దరూ కలిసి వస్తేనే గోడలిస్తాను.”

రాత్రి అన్నాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. “రేపు బ్రష్షులు తీయగానే మన దుకాణం బోర్డు మారుస్తున్నా. ‘అక్షరాలు నావి, లలు మా ఆవిడవి.’”

“లలు నీవేరా,” అంది తల్లి, మజ్జిగ పోస్తూ. “ళలు అమ్మాయివి.”