కుడి అంచు మనిషి

పదకొండు నెలల కిందట చనిపోయిన మనిషి సగంలో వదిలిన పట్టుచీర, మగ్గం మీద పెరుగుతోంది.

హేమావతి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. లాప్‌టాప్ తెర మీద రెండు షాట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఫిబ్రవరిలో తీసింది, ఒకటి నిన్న తీసింది. అదే మగ్గం, అదే కిటికీ వెలుగు. ఫిబ్రవరిలో ఆరు వరసల పువ్వులున్న చోట నిన్న తొమ్మిది ఉన్నాయి.

ఆమె తీస్తున్న డాక్యుమెంటరీ ఆ చీర మీదే నిలబడి ఉంది. ధర్మవరంలో ముప్పై ఏళ్లు నేసిన అమ్మ అంజనమ్మ చేయి చివరిసారిగా ఆగిన చోటు అది. సినిమాకు అదే ముగింపు. అందుకే దినాలు కాగానే, మగ్గాన్ని ఎవరూ ముట్టకూడదని ఇంట్లో గట్టిగా చెప్పింది. ఇప్పుడు ఎవరో దాని మీద నేశారు. అమ్మ వేసిన ఆఖరి పోగు ఏదో ఇక ఎవరు చెప్పగలరు?

గబగబా మగ్గం దగ్గరికి వెళ్లి, నేసేటప్పుడు కాళ్లు దించుకునే గుంతలో కాలు పెట్టింది. అరికాలికి తడి తగిలింది.

కొళాయి అయిదు రోజులకోసారి వచ్చే ఊళ్లో, ఖాళీ మగ్గం గుంతలో ఎవరో నీళ్లు చల్లారు. పొడిగాలికి పట్టుపోగులు తెగకుండా నేతపని తెలిసినవాళ్లు చేసే పని అది. ఇంటి తాళం చెవి ఇంకొకటి ఉన్నది పక్కింటి ఓబిలేష్ మామ దగ్గరే. అమ్మ తమ్ముడు, పేరున్న నేతగాడు.

"మామా, అమ్మ మగ్గం తొక్కింది నువ్వేనా?"

ఓబిలేష్ వచ్చి, వంగి, కొత్త నేతను వేళ్లతో తడిమి, పకపకా నవ్వాడు. "ఈ నేత నాదంటావా? నా పరువు తీస్తాండావు గదమ్మే! ఎడమ అంచు జూడు, తాగినోడు నడిచినట్టు పోతాండాది. మా అక్క జూసింటే నాడె తీసుకోని కొట్టింటాది."

"మరి ఎవురు?"

"సంవత్సరం పైనుంచి ఈ ఇంట్లో చెంబుకు గూడా కెమెరా పెడితివి. నన్నడుగుతావా? కుడి అంచు జూడు."

చూసింది. కుడి అంచు అద్దంలా ఉంది. ఒక్క పోగు జారలేదు.

పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. మధ్యలో కూర్చుని నేసేవారు ఒకరు, కుడిపక్కన కూర్చుని అంచు పోగును నడిపే నాడె వేసేవారు ఇంకొకరు. ఈ ఇంట్లో మధ్యన అమ్మ. కుడిపక్కన?

హేమావతి పాత షాట్లు తెరిచింది. అమ్మ నేస్తుండగా తను తీసినవి. నిండా అమ్మ ముఖం, అమ్మ చేతులు. ప్రతి షాట్‌లోనూ ఫ్రేము చివర సగానికి తెగిపోయిన మోచేయి ఒకటి. కుటుంబం గురించి సినిమా తీస్తూ, ఆ మోచేయి మనిషిని ఒక్కసారైనా పూర్తిగా తీయలేదు. సిగ్గుగా అనిపించింది.

నాన్న నాగేశ్వర రెండు బిందెలతో లోపలికి వచ్చేసరికి కెమెరా సిద్ధంగా ఉంది.

"నాయనా, ఈడ కూచో. పక్కన గాదు, నడుమ."

ఆయన తెర మీది రెండు షాట్లు చూశాడు. బిందెలు దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కూర్చున్నాడు.

"నేనే నేసినా పాపా. నువ్వు షూటింగుకని బత్తలపల్లె బస్సెక్కినప్పుడల్లా గుంతలోకి దిగినా. ముట్టగూడదన్యావు, నిజమే. కానీ మీ అమ్మ ఏ చీరనూ సగంలో ఇడిసిన మనిషి గాదు. నీ సినిమాలో అందరూ సగం చీర జూసి లేసిపోతారంటే నాకు మనసు ఒప్పలేదు. నడుమ నేత నాకు రాదు. ముప్పై ఏండ్లు పక్కనే కూచున్నా, నా కండ్లు నా అంచు మీదనే. ఆయమ్మ చేతులు ఎట్ల ఆడతాయో ఎప్పుడు జూసినా నేను? నువ్వు తీసిన వీడియో నా ఫోన్లో ఏసిచ్చినావు జూడు, దాంట్లో జూసినా. నిదానంగా పెట్టుకోని, ఆపి ఆపి నేర్చుకున్యా. పోయినాక గూడా నాకు పని నేర్పింది ఆయమ్మ. ఆయమ్మను మళ్లా నా ముందర కూచోబెట్టినదానివి నువ్వు. మీ ఇద్దరి రుణం నేను యాడ తీర్చుకుందు? ఎడమ అంచు వంకర పోయిందని తెలుసు, ఓబిలేషుకు చెప్పొద్దు. బాధ పడొద్దులే పాపా, ఆయమ్మ చేయి ఆగిన కాడ పసుపు పోగొకటి ఏసినా. ఆరో వరస పువ్వుల పైన ఎతికి జూడు. ఆడికి ఆయమ్మది, ఆడనుంచి నాది. ఇంకా మూర నేత ఉండాది, ఒక్కన్నే నడుమా అంచూ రెండూ ఏయలేకుండా ఉండా. కుడిపక్క నా జాగా ఖాళీగా ఉండాది. ఆ కెమెరా అట్లే ఆడనీ, నువ్వొచ్చి కూచో."