సోషల్ ఫెయిల్

"మా ఆవిడ సోషల్ ఫెయిలండీ!"

ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా ఈ మాట అనందే వీరాంజనేయులు వాళ్ళని కాఫీ తాగనివ్వడు. లెక్కలు తప్పినవాళ్ళున్నారు, ఇంగ్లీషు తప్పినవాళ్ళు ఊరినిండా ఉన్నారు, సోషల్ తప్పడమేంటండీ, నోటికొచ్చిన కథ రాసినా మార్కులేస్తారు గదా, అని తొడ చరుచుకుని నవ్వుతాడు. వచ్చినవాళ్ళూ మర్యాదకి నవ్వుతారు. కాఫీ తెచ్చిన బిందుమాధవి ఖాళీ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంది. పెళ్ళయిన ఏటినుంచీ ఇదే హాస్యం. హాస్యం పాతబడలేదు గానీ ఆమె పాతబడింది.

నిజానికి సోషలంటే, అందులోనూ భూగోళమంటే ఆమెకి ప్రాణం. తండ్రి మార్టూరులో గ్రానైటు రాళ్ళు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేసేవాడు. హైస్కూల్లో త్యాగరాజు మాస్టారు పాఠం చెబుతుంటే ఆ రాళ్ళ దుమ్ములో పుట్టిన పిల్లకి లోకం మొత్తం కళ్ళముందు పరుచుకునేది. నల్లరేగడి తడిని కడుపులో దాచుకుంటుంది కాబట్టే వాన మొహం చాటేసినా పత్తి బతుకుతుందని, ఎక్కడో నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ తమ జిల్లా అంతా తిరిగి సముద్రంలో కలుస్తుందని ఆయన చెబితే, ఇంటికెళ్ళి తండ్రికి మళ్ళీ పాఠం చెప్పేది. పెన్సిలు ఎత్తకుండా ఒక్క గీతలో ఇండియా పటం గీసేది. "టీచర్ ట్రైనింగు చెయ్యవే అమ్మాయ్, నా కుర్చీ నీకిచ్చి పోతా" అనేవారు మాస్టారు. పిచ్చిపిల్ల, ఆ కుర్చీ నిజంగానే తనదనుకుంది.

పదో తరగతిలో ఉండగానే, మాఘమాసంలో పెళ్ళి చేసేశారు. సంబంధం ప్రత్తిపాడు దగ్గర, పొలమున్న ఇల్లు. "పరీక్షలు రాయించే పూచీ మాది" అని అత్తగారు సుబ్బరావమ్మ పదిమందిలో మాటిచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడాను! వీరాంజనేయులు మోటారుసైకిలు మీద తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ రాయించాడు. చివరిది సోషల్. దానికి ముందురోజు ఆకాశం మబ్బు పట్టింది, కల్లంలో మిరపకాయలు రాశులుగా ఉన్నాయి.

"నువ్వు కూడా ఓ చెయ్యెయ్యమ్మా. చదువెక్కడికీ పోదు" అంది సుబ్బరావమ్మ.

కొత్త కోడలు కాదనగలదా? పొద్దుటినుంచి దీపాలవేళ దాకా కూర్చుని తొడిమలు తీసింది. రాళ్ళ ఊరి పిల్ల, మిరపకాయ కారం నాలిక్కి తెలుసు గానీ చేతికి తెలియదు. సాయంత్రానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు భగ్గుమన్నాయి. ఏడుస్తూ వెళ్ళి చూపిస్తే, "చల్లటి నీళ్ళతో కడుక్కో, తగ్గుద్ది" అంది అత్తగారు. కడుక్కుంది. మంట మణికట్టు దాటి మోచేతుల దాకా పాకింది. ఏడుస్తూ ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఇంకేం చెప్పను! మర్నాడు పరీక్ష హాల్లో రెప్పలు వాచిపోయి, పెన్సిలు వేళ్ళ మధ్య నిలవక, ముందున్న ఇండియా పటం నీళ్ళలో పడ్డ కాగితంలా కదిలిపోయింది. కృష్ణ ఎక్కడో గోదావరి ఎక్కడో కనపడలేదు. ఉత్త పేపరిచ్చి వచ్చింది.

మిరపకాయల కూలికొచ్చే జహీరున్నీసా ఆ చేతులు చూసి నోరు నొక్కుకుంది. "అదేందమ్మా, ఆముదం రాసుకోకుండా కాయ ముట్టుకున్నావా? మా పసిపిల్లలక్కూడా తెలుసే!"

అప్పటినుంచీ బిందుమాధవి తన్ను తానే తిట్టుకుంది. ఎంత మొద్దుని, అడిగి తెలుసుకోవద్దూ, అని. భర్త నవ్వినప్పుడల్లా తప్పు నాదేగా అని తలొంచుకుంది. మళ్ళీ పరీక్ష కడతానంటే, "కడుపుతో ఉండి పరీక్షలేంటి" అన్నారు. పిల్ల పుట్టాక, "పిల్లనెవరు చూస్తారు" అన్నారు. జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చినాయన, మీ ఆవిడ ఏం పని చేస్తారని అడిగితే వీరాంజనేయులు, "పనేముందండీ, ఇంట్లోనే ఖాళీగా ఉంటది" అని రాయించాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆమె పత్తి చేలో కూలీలకి అన్నం మోసుకెళ్ళి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టింది. గంప దించుకోవడానికి ఎవరూ చెయ్యి కూడా సాయం పట్టలేదు.

ఇప్పుడు కూతురు భవ్య పదో తరగతి. కూర తిరగమోత వేస్తూనే తల్లీకూతుళ్ళకి రుతుపవనాలు, నేలలు, పంటల పాఠాలన్నీ అయ్యాయి. పుస్తకంలో శ్రామికుల పాఠం చదివి, "అమ్మా, దీని ప్రకారం నువ్వు పనిచేసేదానివి కాదంట!" అని భవ్య పడీపడీ నవ్వింది. తరువాత తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది. ఒకరోజు బిందుమాధవి వాకిట్లో ముగ్గుపిండితో ఇండియా పటం గీసి నదులు నేర్పుతుంటే, సుబ్బరావమ్మ వచ్చి, "గుమ్మం ముందు ఈ పీడ ముగ్గేంటే?" అని కాలితో చెరిపేసింది. భవ్య మాత్రం పటం నేర్చేసుకుంది. మంచి మార్కులొస్తే గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంటోంది.

"ఆడపిల్లకి ఎన్ని మార్కులొస్తే అంత దూరం పోద్ది. పదితో చాలు" అంటాడు వీరాంజనేయులు.

సోషల్ పరీక్షకి ముందురోజు పొద్దున. కంట్లో శుక్లం తీయించుకున్న సుబ్బరావమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. మనవరాల్ని పిలిచింది.

"భవ్యా, నువ్వు కూడా ఓ చెయ్యెయ్యమ్మా. చదువెక్కడికీ పోదు."

వంటింట్లో బిందుమాధవి చేతిలో గరిటె ఆగిపోయింది. అవే మాటలు, అదే గొంతు. కిటికీలోంచి చూసింది. సుబ్బరావమ్మ మెల్లగా లేచి, కూలోళ్ళ కోసం వరండా గూట్లో పెట్టిన ఆముదం సీసా తీసి, తన పెట్టెలో పెట్టి మూత వేసింది. చూపు సరిగా ఆనని ముసలిదానికి చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"తీశావా?" అన్నాడు వీరాంజనేయులు, దగ్గరికొచ్చి గొంతు తగ్గించి.

"తీశాలేరా. దీని అమ్మకి చేసిందాన్ని, దీనికి చెయ్యలేనా? అప్పుడూ నువ్వేగా తియ్యమంది."

కిటికీ దగ్గర బిందుమాధవి అంతా విన్నది. తను మొద్దు కాదు! ఇన్నేళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ ఎవరికి చెందాలో వాళ్ళు కిటికీ అవతలే ఉన్నారు. అరవాలనిపించింది. ఆ గరిటె తీసుకుని మొగుడి నవ్వే నోటిమీద కొట్టాలనిపించింది. పొయ్యి కట్టేసి బయటికొచ్చింది.

అప్పుడే మిరపకాయల రాశి ముందు చతికిలబడుతున్న కూతుర్ని జబ్బ పట్టుకుని లేపింది. "లోపలికి పో. పటాలు చూసుకో. రేపు కళ్ళు నులుముకోకుండా రాయాలి నువ్వు."

కూతురి చోట తను కూర్చుంది. ఆముదం అడగలేదు. సీసా ఎక్కడుందో తెలిసినా వెళ్ళి తెచ్చుకోలేదు. వట్టి చేతులతో తొడిమలు తుంచుతూనే ఉంది.

"అంతేగా మరి! సోషల్ ఫెయిలుకి కాయలే గతి" అని నవ్వుకుంటూ వీరాంజనేయులు మిర్చి యార్డుకి పోయాడు.

పొద్దువాలేసరికి పది వేళ్ళూ ఎర్రగా పొంగాయి. ఈసారి ఆమె ఏడవలేదు.

"ఏమే బిందూ, వేళయింది, కంట్లో చుక్కలు వెయ్యి" అని మంచం మీద వెల్లకిలా పడుకుంది సుబ్బరావమ్మ. ఆపరేషనయిన దగ్గర్నుంచీ పూటపూటా ఆ చుక్కలు వేసేది కోడలే. రెప్ప వేళ్ళతో విడదీసి పట్టుకోవాలి, లేకపోతే మందు లోపలికి పోదు.

బిందుమాధవి మందు సీసా పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"రేపు భవ్యని పరీక్షకి నేనే తీసుకెళతా అత్తయ్యా. మార్కులొచ్చాక గుంటూరు హాస్టలుకి కూడా నేనే తీసుకెళతా. ఆ మాట మీ అబ్బాయికి మీరే చెప్పాలి."

"చాల్లే, పెద్ద చెప్పొచ్చావు! ముందు మందు వెయ్యి" అని సుబ్బరావమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. చల్లగాలికి హాయిగా నిట్టూర్చి, తల దిండుకి ఆనించి, కళ్ళు పైకెత్తింది. కోడలి వేళ్ళు రెప్ప దగ్గరికి వచ్చాయి. అప్పుడు ఆ ముసలి ముక్కుకి ఘాటు తగిలింది.

"ఏమే... చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానత్తయ్యా" అంది బిందుమాధవి, మెత్తగా. "మీరు చెప్పినట్టే. చల్లటి నీళ్ళతో."